ఫ్రెండ్‌తో కలిసి ఫారిన్ చదువు: టికెట్ బుక్ చేసే ముందు మాట్లాడుకోవాల్సినవి

వైజాగ్ నుంచి మళ్లీ నేనే. వెనకాల సౌండ్ వస్తే ఏమనుకోకండి. మా ఇల్లు కూర్మన్నపాలెంలో, హైవేకి దగ్గర. రాత్రి ఏ టైమ్‌లో రికార్డ్ చేసినా లారీల హారన్ ఫ్రీగా వచ్చేస్తుంది.

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్న గురించి. నాకు వచ్చే మెసేజ్‌లలో ప్రతి వారం కనీసం ఒకటి ఇదే ఉంటుంది. "అన్నా, నేనూ నా బెస్ట్ ఫ్రెండూ కలిసి ఎంఎస్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం ఒకే యూనివర్సిటీలో చేరితే బెటరా?"

బెటరా కాదా అని ఒక్క మాటలో చెప్పలేను. ఎందుకంటే నేను అలాగే వెళ్లాను. ఇంటర్ నుంచి ఒకే బెంచ్ మీద కూర్చున్న ఫ్రెండ్‌తో 2021లో అమెరికా వెళ్లాను. మధ్యలో రెండు నెలలు వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పుడు మళ్లీ రోజూ మాట్లాడుకుంటున్నాం. వాడి పేరు చెప్పను, మావాడు అంటాను. ఈ వీడియో చేస్తున్నానని వాడికి చెప్పే చేస్తున్నా. "నా తప్పులు చెప్పు, నీవి కూడా చెప్పు" అన్నాడు. సో, రెండూ చెప్తా.

బీచ్ రోడ్డు డెసిషన్

2019లో ఇద్దరం బీటెక్ అయిపోయాం. నేను రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక చిన్న కంపెనీలో జాబ్‌లో చేరా. మావాడు బెంగళూరు వెళ్లి కోవిడ్‌లో వెనక్కి వచ్చేశాడు. మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. వాళ్ల నాన్న మల్కాపురం నుంచి పోర్టుకి లారీ నడుపుతారు. ఇద్దరి ఇళ్లలోనూ ఫారిన్‌లో చదివినవాళ్లు ఎవరూ లేరు.

లాక్‌డౌన్ తీశాక ఒక సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ కూర్చున్నాం. మావాడు అన్నాడు, "ఎల్తే ఇద్దరం ఎల్దాం రా, లేదంటే మానేద్దాం." నేను సరే అన్నాను. మా డెసిషన్ అంతే. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇక్కడే నేను చేసిన మొదటి తప్పు ఉంది. నాకు రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి నేను నిజంగా చదవాలనుకున్న ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో మంచి ల్యాబ్ ఉన్న చోటు. రెండోది మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ. మావాడికి రెండోది ఒక్కటే వచ్చింది. నేను మొదటిది వదిలేశా. వదిలేసినట్టు వాడికి చెప్పలేదు.

చెప్పకపోవడం గొప్ప త్యాగం అనుకున్నా అప్పట్లో. కానీ చూడండి, మనం ఎవరికోసమైనా చెప్పకుండా ఏదైనా వదులుకుంటే, వాళ్ల పేరు మీద ఒక అప్పు రాసుకున్నట్టే. తీసుకున్న సంగతి వాళ్లకి తెలియదు. మనం మాత్రం వడ్డీ లెక్కేస్తూ ఉంటాం. ఇది తర్వాత ఎక్కడ పేలిందో చెప్తా.

వీసా కౌంటర్ దగ్గర ఎవరికి వాళ్లే

ముందు పేపర్ వర్క్ సంగతి. మనం ఆంధ్రా, తెలంగాణ, ఒడిశా వాళ్లం అమెరికా వీసాకి హైదరాబాద్ కాన్సులేట్ కిందకి వస్తాం. మేం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాం. అప్పుడు కాన్సులేట్ బేగంపేట్‌లో పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో కొత్త బిల్డింగ్‌కి మారిపోయింది.

ఇద్దరం ఒకే రోజు స్లాట్ పెట్టుకున్నాం. ఒకే రకం ఫైలు, ఒకే రకం చొక్కా కూడా. కానీ కౌంటర్ దగ్గరికి ఎవరికి వాళ్లమే వెళ్లాలి. ఐ-20 విడివిడిగా వస్తుంది. సెవిస్ ఫీజు 350 డాలర్లు ఎవరిది వాళ్లే కట్టాలి. వీసా ఫీజు ఇప్పుడు 185 డాలర్లు, అదీ అంతే.

అక్కడ అడిగే ప్రశ్నల్లో ఒకటి గ్యారంటీగా ఉంటుంది: ఈ యూనివర్సిటీనే ఎందుకు? "మా ఫ్రెండ్ కూడా అక్కడికే వెళ్తున్నాడు" అనేది అక్కడ ఆన్సర్ కాదు. ఎఫ్-1 వీసాలో రూల్ ఏంటంటే, మనం చదువు కోసమే వెళ్తున్నామని, అయ్యాక వెనక్కి వస్తామని మనమే నిరూపించుకోవాలి. ఆఫీసర్‌కి నమ్మకం కుదరకపోతే 214(బి) కింద రిజెక్ట్ చేస్తారు. అందుకే కోర్సు గురించి, ప్రొఫెసర్ల గురించి, ఖర్చు గురించి మీకంటూ సొంత కారణం ఉండాలి. ఇద్దరూ ఒకే కన్సల్టెన్సీలో ఒకే ఎస్‌ఓపీకి పేర్లు మార్చి పంపితే యూనివర్సిటీ దగ్గరే దొరికిపోతారు.

ఇంకో అప్‌డేట్. 2025 జూన్ నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా ప్రొఫైల్స్ పబ్లిక్‌లో పెట్టాలని చెప్తున్నారు. ఫ్రెండ్స్ గ్రూపులో సరదాగా పెట్టిన పోస్టు కూడా వాళ్లు చూడొచ్చు. స్లాట్ బుక్ చేయకముందే ఇద్దరూ కూర్చుని ఒకరి ప్రొఫైల్ ఒకరు పైనుంచి కింద దాకా చూసుకోండి. మనకి కనపడనివి పక్కవాడికి కనపడతాయి.

ఇంకొక మాట కూడా మాట్లాడుకోండి. ఇద్దరిలో ఒకరికి వీసా వచ్చి, ఇంకొకరికి రాకపోతే ఏం చేద్దాం? మేం ఇది మాట్లాడుకోలేదు. ఇద్దరికీ వచ్చింది కాబట్టి సరిపోయింది. "నీకు రాకపోయినా నేను వెళ్తా, నువ్వు తర్వాత ఇంటేక్‌కి రా" అని ముందే చెప్పుకుంటే అందులో మోసం ఏమీ లేదు.

డబ్బు దగ్గర దోస్తీ

ఇప్పుడు చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి.

చాలామంది చేసే పని: బ్యాంక్ బ్యాలెన్స్ చూపించడానికి ఫ్రెండ్ వాళ్ల ఇంటి నుంచి డబ్బు తెచ్చి అకౌంట్‌లో పెట్టడం, లెటర్ తీసుకున్నాక వెనక్కి ఇచ్చేయడం. తర్వాత అదే డబ్బు ఫ్రెండ్ అకౌంట్‌లోకి వెళ్తుంది. "షో మనీ" అంటారు కదా. నా డబ్బు కానిదాన్ని నా చదువు డబ్బుగా చూపించడం అంటే వీసా కోసం అబద్ధం చెప్పడమే. అమెరికా రూల్ ప్రకారం అలా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే జీవితాంతం వీసా రాకుండా బ్యాన్ పడొచ్చు. యూకేలో పదేళ్లు, కెనడాలో ఐదేళ్లు. యూకేకి అయితే డబ్బు అకౌంట్‌లో వరుసగా 28 రోజులు ఉండాలి, అది మీదో మీ తల్లిదండ్రులదో అయి ఉండాలి, లేదంటే లోన్ శాంక్షన్ కావాలి. ఫ్రెండ్ వాళ్ల నాన్న అకౌంట్ అక్కడ పనికిరాదు.

జర్మనీ అనుకునేవాళ్లకి బ్లాక్డ్ అకౌంట్ ఉంటుంది. ఏడాదికి 11,904 యూరోలు ముందే అందులో వేయాలి. అక్కడికి వెళ్లాక నెలకి 992 యూరోలు మాత్రమే తీసుకోనిస్తారు. ఇద్దరు వెళ్తే రెండు అకౌంట్లు, రెండు మొత్తాలు. "ఇద్దరం షేర్ చేసుకుంటాం కదా, ఒకదాంతో సర్దుకుంటాం" అంటే కుదరదు.

రెండోది గ్యారంటీ సంతకం. ఫ్రెండ్ ఎడ్యుకేషన్ లోన్‌కి మీ నాన్నగారిని గ్యారంటర్‌గా ఉండమని అడగొచ్చు. అడిగేవాళ్లు మంచివాళ్లే, వాళ్లకి వేరే దారి లేక అడుగుతారు. కానీ గ్యారంటీ అంటే ఫార్మాలిటీ సంతకం కాదు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 128 ఉంది. దాని ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో, గ్యారంటర్ బాధ్యతా అంతే. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే బ్యాంకు నేరుగా గ్యారంటర్ దగ్గరికి రావచ్చు. మా ఇంట్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు మా నాన్న వాళ్ల నాన్నతో ఎదురుగా కూర్చుని అన్నారు, "అన్నయ్యా, చేతికి ఇమ్మంటే నా దగ్గర ఉన్న దాంట్లో ఇస్తాను. తిరిగి రాకపోయినా అడగను. సంతకం మాత్రం పెట్టలేను." ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రెండు కుటుంబాలు ఈ రోజుకీ ఒకరింటికి ఒకరు వెళ్తున్నాయంటే ఆ మాట వల్లే.

"మావాడు చేరాడు, నేనూ చేరతా"

ఫ్రెండ్ మాట మీద నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే రెండు నిజమైన కేసులు ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్న కేసులు.

మొదటిది 2011 జనవరి. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ. అమెరికా ఇమిగ్రేషన్ ఏజెన్సీ ఐస్ దాని మీద రెయిడ్ చేసి మూసేసింది. స్టూడెంట్స్ 1,500 మందికి పైగా. దాదాపు అందరూ ఇండియా నుంచే, అందులోనూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు చాలామంది. రికార్డుల్లో సగానికి పైగా స్టూడెంట్స్ సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రాసి ఉంది. కొంతమంది స్టూడెంట్స్ కాళ్లకి రేడియో ట్రాకర్లు కట్టారు. ఆ ఫొటోలు చూసి మన దగ్గర పెద్ద గొడవ అయింది. దాన్ని నడిపిన సూసన్ సు అనే ఆవిడకి 2014లో కోర్టు 16 ఏళ్లకి పైగా జైలు శిక్ష వేసింది.

అది ఎలా పెరిగిందో చూడండి. ఒక స్టూడెంట్ ఇంకో స్టూడెంట్‌ని చేర్పిస్తే ఫీజులో వాటా. కొత్తగా చేరినవాడు మరొకడిని తెస్తే మళ్లీ వాటా. అంటే పేపర్ యాడ్ అవసరం లేదు, టీవీ యాడ్ అవసరం లేదు. మన ఫ్రెండ్‌షిప్పే వాళ్ల మార్కెటింగ్.

రెండోది 2019 జనవరి. మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఇది ఇంకా విచిత్రం. ఐస్ ఏజెంట్లే సీక్రెట్‌గా నడిపిన ఫేక్ యూనివర్సిటీ. క్లాసులు లేవు, టీచర్లు లేరు. వెబ్‌సైట్ ఉంది, ఫీజు ఉంది. దాదాపు 600 మంది చేరారు. ఎక్కువమంది ఇండియన్స్, అందులో తెలుగువాళ్లు చాలామంది. స్టూడెంట్స్‌ని చేర్పించి డబ్బు తీసుకున్నందుకు ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. చేరిన వాళ్లలో చాలామందిని అరెస్టు చేశారు, చాలామంది ఇండియాకి వచ్చేశారు.

గవర్నమెంట్ వలపన్నడం న్యాయమా అనే చర్చ అప్పుడూ నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. నాకూ అది సరైన పద్ధతి అనిపించదు. కానీ మన పాయింట్ వేరు. ఆ యూనివర్సిటీ పేరు గవర్నమెంట్ అప్రూవ్డ్ లిస్టులోనే ఉంది. అంటే లిస్టులో పేరు చూసుకుంటే సరిపోదు. అక్రెడిటేషన్ చూడండి. క్లాసులు ఏ రోజు, ఏ టైమ్, ఏ రూమ్ అని అడగండి. ప్రొఫెసర్ల పేర్లు వెతకండి. అక్కడ చదివి బయటికి వచ్చినవాళ్లతో మాట్లాడండి. "క్లాసుకి రానక్కర్లేదు, ఫస్ట్ డే నుంచే జాబ్ చేసుకోవచ్చు" అని ఎవరైనా చెప్తే, చెప్పినవాడు మీ చిన్నప్పటి ఫ్రెండ్ అయినా సరే, అక్కడే ఆగిపోండి. వాడికి చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు. వాడినీ ఎవరో అలాగే నమ్మించి ఉంటారు.

అసైన్‌మెంట్ షేరింగ్

బీటెక్‌లో మనం రికార్డులు ఎలా రాశామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకడు రాస్తే క్లాసంతా రాసినట్టే. అది మనకి తప్పు అనిపించదు, సాయం అనిపిస్తుంది.

మొదటి సెమిస్టర్‌లో మావాడికి జ్వరం వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ అసైన్‌మెంట్ డెడ్‌లైన్ రాత్రి 11:59. నా కోడ్ పంపించా. వాడు వేరియబుల్ పేర్లు మార్చాడు, ఫంక్షన్లు పైకీ కిందకీ జరిపాడు, సబ్మిట్ చేశాడు. వారం తర్వాత ఇద్దరికీ ఒకేసారి మెయిల్.

అక్కడ చాలా యూనివర్సిటీల్లో మాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. 1994 నుంచి ఉంది. అది పేర్లు చూడదు, ప్రోగ్రామ్ నిర్మాణం చూస్తుంది. వేరియబుల్ పేరు మార్చినా, స్పేస్‌లు మార్చినా, అసలు లాజిక్ అదే అయితే ఏ ఫైలు ఏ ఫైలుతో ఎంత శాతం కలుస్తుందో చూపించేస్తుంది. ప్రొఫెసర్ రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరికీ సున్నా. కాపీ కొట్టినవాడికి ఎంతో, ఇచ్చినవాడికీ అంతే.

దీంట్లో మన మీద పడే బరువు వేరు. అక్కడ ఎంఎస్‌లో సాధారణంగా జీపీఏ 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్ పెడతారు. ఇంకా తగ్గితే పంపేస్తారు. పంపేస్తే ఐ-20 పోతుంది, దాంతో అక్కడ ఉండే హక్కూ పోతుంది. అమెరికన్ స్టూడెంట్‌కి అది ఒక సబ్జెక్టు ఫెయిల్. మనకి మాత్రం ఇంటి మీద ఉన్న లోన్ కదులుతుంది. మాకు అది మొదటిసారి కాబట్టి వార్నింగ్‌తో పోయింది. ఆ రాత్రి ఇద్దరం అన్నం వండుకోలేదు. కిచెన్‌లో లైటు వేసుకుని ఊరికే కూర్చున్నాం.

ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇదే చెప్తా: ఫ్రెండ్‌కి జ్వరం వస్తే కోడ్ పంపకండి, ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడంలో హెల్ప్ చేయండి. ముందే అడిగితే ఎక్స్‌టెన్షన్ ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

లీజు అగ్రిమెంట్‌లో ఒక లైన్

ఇప్పుడు అసలు గొడవ.

2022 ఆగస్టులో ఇద్దరం కలిసి రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నెలకి 1,100 డాలర్లు, మనిషికి 550. లీజు 2023 జూలై దాకా. పదిహేను పేజీల అగ్రిమెంట్. ఫోన్‌లో కిందకి లాగుతూ వెళ్లి వేలితో సంతకం పెట్టేశాం.

అందులో ఒక లైన్ ఉంది. "జాయింట్ అండ్ సెవరల్" బాధ్యత. దీని అర్థం ఏంటంటే, ఓనర్ దృష్టిలో సగం సగం అనేదే లేదు. ప్రతి ఒక్కరూ మొత్తం రెంట్‌కి బాధ్యులే. ఒకరు వెళ్లిపోతే మిగిలినవాళ్లే మొత్తం కట్టాలి. కట్టకపోతే ఇద్దరి క్రెడిట్ హిస్టరీ పోతుంది. ఇందాక గ్యారంటర్ గురించి చెప్పాను కదా, దానికి ఇది తమ్ముడు. ఇండియాలో మా నాన్న పెట్టని సంతకం నేను అక్కడ చదవకుండా పెట్టేశా.

డిసెంబర్‌లో మావాడికి వేరే స్టేట్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. మంచి ఛాన్స్. వద్దనే హక్కు నాకు లేదు. వాడు అన్నాడు, "నా ప్లేస్‌లో ఎవరినైనా చూసుకుందాం రా." అది జనవరి. యూనివర్సిటీ టౌన్‌లో అందరూ ఆగస్టులోనే ఇళ్లు తీసేసుకుంటారు. చలికాలం మధ్యలో ఎవరు వస్తారు? ఎవరూ రాలేదు. లీజు వేరేవాళ్లకి ఇవ్వాలంటే ఓనర్ పర్మిషన్ కూడా కావాలి.

లెక్క చూడండి. ఏడు నెలలు, నెలకి 550. మొత్తం 3,850 డాలర్లు. అప్పటి రేటుకి మూడు లక్షల పదిహేను వేల రూపాయలు పైనే. నేను క్యాంపస్‌లో డైనింగ్ హాల్‌లో పని చేసేవాణ్ణి. ఎఫ్-1 మీద సెమిస్టర్ టైమ్‌లో వారానికి 20 గంటలే చేయాలి. గంటకి 11 డాలర్లు. అంటే నెలకి 880. రెంట్ 1,100. నేను ఎంత పనిచేసినా రెంట్‌కే చాలదు.

ఫోన్‌లో గొడవ పడ్డాం. కోపంలో అనేశా, "నీ కోసం మంచి అడ్మిట్ వదులుకుని వచ్చాను రా." కాసేపు వాడి నుంచి సౌండ్ లేదు. తర్వాత అన్నాడు, "నేను అడిగానా? కనీసం నాకు చెప్పావా?"

దానికి నా దగ్గర ఆన్సర్ లేదు. ఇప్పటికీ లేదు. ఫోన్ పెట్టేశాను. తర్వాత రెండు నెలలు మాటల్లేవు.

ఫిబ్రవరిలో వచ్చిన కాల్

ఫిబ్రవరి చివర్లో, అక్కడ రాత్రి రెండు గంటలకి, మావాడి నుంచి కాల్. ఎత్తాలా వద్దా అనుకుంటూ ఎత్తా.

"ఒరేయ్, అంకుల్‌కి పర్లేదు. ముందు అది విను. అమ్మ పక్కనే ఉంది."

మా నాన్నకి ఆ రోజు మధ్యాహ్నం గుండెల్లో నొప్పి వచ్చింది. అమ్మకి కంగారులో ఏం చేయాలో తోచలేదు. నాకు ఫోన్ చేస్తే ఇంత దూరంలో ఉన్నవాడు భయపడతాడని చేయలేదు. మావాడి వాళ్ల అమ్మకి చేసింది. ఆంటీ మల్కాపురం నుంచి ఆటోలో వచ్చి గాజువాకలో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అడ్వాన్స్ కూడా ఆవిడే కట్టారు. మేం ఇద్దరం మాట్లాడుకోవడం లేదని ఇళ్లలో ఎవరికీ తెలియదు. వాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు.

నాన్నకి స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు. రోజూ పొద్దున వాకింగ్‌కి వెళ్తున్నారు.

ఫ్రెండ్‌తో వెళ్లడంలో అసలైన బలం ఇదే అని నాకు అప్పుడు అర్థమైంది. అక్కడ మనకి తోడు ఉండటం ఒకటైతే, ఇక్కడ మన ఇంటికి ఇంకో ఇల్లు తోడవుతుంది.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. అక్కడ మనకే ఏదైనా అయితే? అమెరికాలో ఫెర్పా అనే చట్టం ఉంది. 18 దాటిన స్టూడెంట్ వివరాలు వాళ్ల అనుమతి లేకుండా యూనివర్సిటీ తల్లిదండ్రులకి కూడా చెప్పదు, అత్యవసరం అయితే తప్ప. హాస్పిటల్స్‌కి ఇలాంటిదే ఇంకో చట్టం ఉంది. "మా అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు" అని గాజువాక నుంచి అమ్మ ఫోన్ చేస్తే అవతల నుంచి ఏమీ చెప్పకపోవచ్చు. అందుకే ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లో ఇంటి నంబర్‌తో పాటు అక్కడే ఉన్న ఫ్రెండ్ పేరు కూడా పెట్టండి. ఇద్దరి పాస్‌పోర్ట్ కాపీ, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో, ఇంటి నంబర్లు ఒకరి ఫోన్‌లో ఒకరివి ఉండాలి. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి.

2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర డండీ యూనివర్సిటీలో చదివే ఇద్దరు ఆంధ్రా అబ్బాయిలు నీళ్లలో పడి చనిపోయారు. ఫ్రెండ్స్‌తో కలిసి ట్రిప్‌కి వెళ్లారు. మనం బీచ్ ఊరివాళ్లం, నీళ్లంటే భయం తక్కువ. ఆ నీళ్లు వేరు. చల్లదనానికే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆగుదాం అని చెప్పేవాడు గ్రూపులో ఒక్కడైనా ఉండాలి. అది మీరే అయితే ఏం పోతుంది?

ఇలాంటి సమయాల్లో ఇండియన్ ఎంబసీల దగ్గర కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒకటి ఉంటుంది. ఇబ్బందుల్లో ఉన్న మనవాళ్లకి, అవసరమైతే భౌతికకాయాన్ని ఇంటికి పంపడానికి కూడా సాయం చేస్తారు. ఈ మాట చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ తెలిసి ఉండాలి.

లాటరీ ఇద్దరికీ ఒకేలా రాదు

2023 మేలో ఇద్దరం డిగ్రీ తీసుకున్నాం. మావాడు మార్చి నుంచి నెలకి కొంత చొప్పున నా డబ్బు మొత్తం ఇచ్చేశాడు. చివరి ట్రాన్స్‌ఫర్‌లో నోట్ దగ్గర "వడ్డీ అడక్కు" అని రాశాడు.

చదువయ్యాక ఓపీటీ మీద 12 నెలలు, టెక్నికల్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పని చేయొచ్చు. కానీ అందులో జాబ్ లేకుండా ఉండే రోజులకి లిమిట్ ఉంది. మొదటి ఏడాది 90 రోజులు, పొడిగింపుతో కలిపి 150. ఆ తర్వాత ఉండాలంటే హెచ్-1బి. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. 2024 మార్చిలో దాదాపు 4 లక్షల 80 వేల రిజిస్ట్రేషన్లు వచ్చాయి. మావాడికి తగిలింది. నాకు తగల్లేదు. 2025లోనూ తగల్లేదు. మధ్యలో లేఆఫ్ అయ్యింది. రోజులు లెక్కపెట్టుకుంటూ వెతికా, చివరికి వచ్చేశా.

ఒకే డిగ్రీ, ఒకే కాలేజీ, దాదాపు ఒకే మార్కులు. తేడా కంప్యూటర్ తీసిన లాటరీ. వాడు తెలివైనవాడనీ కాదు, నేను తక్కువనీ కాదు. ఇది మనసుకి ఎక్కించుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. మీరు ఫ్రెండ్‌తో వెళ్తుంటే ఈ రోజు వస్తుందని ముందే అనుకోండి. రూల్స్ కూడా మారుతూనే ఉంటాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు ఎంత కంగారు పుట్టిందో చూశాం. అందుకే రీల్స్ చూసి కాదు, అఫీషియల్ సైట్ చూసి ప్లాన్ వేసుకోండి.

సో, కలిసి వెళ్లాలా?

వెళ్లండి. కానీ ఒక సాయంత్రం బీచ్ రోడ్డు మీద కూర్చుని ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి ఈ ఆరు ప్రశ్నలకి ఆన్సర్ రాయండి. ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత ఫోన్లు మార్చుకుని చదవండి.

ఒకటి, ఫ్రెండ్ లేకపోయినా నేను ఈ యూనివర్సిటీకే వెళ్తానా?

రెండు, ఒకరికే వీసా వస్తే ఏం చేస్తాం?

మూడు, లీజు మధ్యలో ఒకరు వెళ్లాల్సి వస్తే ఎన్ని నెలల రెంట్ ఇచ్చి వెళ్తారు?

నాలుగు, అప్పు ఇచ్చుకుంటే లిమిట్ ఎంత, ఎప్పటికి తిరిగి ఇవ్వాలి?

ఐదు, ఇంటి నుంచి ఎమర్జెన్సీ వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి?

ఆరు, నేను నీకోసం ఏదైనా వదులుకుంటున్నానా? వదులుకుంటుంటే ఇప్పుడే చెప్తున్నా.

ఆరో ప్రశ్నే అన్నిటికంటే కష్టం. మేం ఆ ఒక్కటి మాట్లాడుకుని ఉంటే మిగతావి ఎలాగోలా సర్దుకునేవాళ్లం.

రేపు ఆదివారం. నేను మల్కాపురం వెళ్లాలి. ఆంటీకి కొత్త ఫోన్ కొని పంపాడు మావాడు, వీడియో కాల్ ఎలా చేయాలో నేర్పమన్నాడు. చేపల పులుసు రెడీగా ఉంటుందని ఆంటీ ఇప్పటికే చెప్పారు. కాల్ కలిపి ప్లేటు కెమెరా ముందు పెడతా, వాడు అక్కడ చూసి ఏడవాలి.

మీరు ఎవరితో వెళ్దామనుకుంటున్నారో వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. వచ్చే వారం ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ లెక్కలతో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా.